ఇయర్ 11 తరువాత ఏ కాలేజీ? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి శరదృతువులో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం చుట్టూ తిరుగుతుంటాయి. ఇయర్ 11 చివర, పదహారేళ్ల వయసులో రాసే జీసీఎస్ఈ పరీక్షలు పూర్తిచేయబోయే పిల్లలను తరువాతి రెండేళ్లకు, అంటే ఏ లెవెల్స్ వంటి కోర్సులు చెప్పే సిక్స్త్ ఫార్మ్‌కు (ఇయర్ 12, 13), ఎక్కడ చేర్పించాలన్నదే ఆ విషయం. ఈసారి అటువంటి ఉత్తరాలు నాలుగింటికి జవాబు రాస్తున్నాను. ఇక్కడ చెప్పేది ఇంగ్లండ్‌కు మాత్రమే వర్తిస్తుంది. స్కాట్లండ్‌లో పరీక్షలు, పద్ధతి పూర్తిగా వేరు కాబట్టి అక్కడివారు దీన్ని బట్టి నిర్ణయం తీసుకోవద్దని మనవి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నరసరావుపేట. పన్నెండేళ్లుగా రెడింగ్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి ఇయర్ 11 చదువుతున్నాడు. వచ్చే వేసవిలో జీసీఎస్ఈ పరీక్షలు రాసి, మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్‌తో ఏ లెవెల్స్ చేస్తానంటున్నాడు. మ్యాథ్స్‌లో గ్రేడు 7 గాని 8 గాని (9 అత్యున్నతం) వస్తుందని టీచర్లు చెబుతున్నారు. వాడి స్కూల్లోనే సిక్స్త్ ఫార్మ్ ఉంది, ఇంటి నుంచి పది నిమిషాల నడక. మా వారు మాత్రం గ్రామర్ స్కూల్లోనే, అంటే చదువులో ముందున్న పిల్లలను ఎంచుకుని చేర్చుకునే ప్రభుత్వ పాఠశాలలోనే, చేర్పించాలని పట్టుబడుతున్నారు. ఆయన స్నేహితుడి కొడుకు గ్రామర్ స్కూల్లో చదివి లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో సీటు తెచ్చుకున్నాడు. అబ్బాయికేమో రైల్లో వెళ్లిరావలసిన ఒక పెద్ద సిక్స్త్ ఫార్మ్ కాలేజీ మీద మనసు. ఇంటర్మీడియట్ అయితే ఊళ్లో ఎవరినైనా అడిగి తెలుసుకునేవాళ్లం. ఇక్కడ తలా ఒక మాట చెబుతున్నారు. ఈ మూడింటిలో ఏది మంచిది?
— ఒక తల్లి, రెడింగ్

జవాబు: అమ్మా, మీ ప్రశ్నను కొంచెం మార్చి అడుగుదాం. మీ అబ్బాయి చదవబోయే ఆ మూడు సబ్జెక్టులు ఈ మూడు చోట్లా ఎలా నడుస్తున్నాయి? ఇలా అడిగితే జవాబు మీకే దొరుకుతుంది. ఇరవై ఏళ్లుగా ఇక్కడ సిక్స్త్ ఫార్మ్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్న అనుభవంతో ఈ మాట అంటున్నాను. నేను పనిచేసిన ఒకచోట, ఒకే వరండాలో ఎదురెదురు గదుల్లో రెండు సబ్జెక్టులు నడిచేవి. ఒక గదిలో ఒకే ఉపాధ్యాయురాలు తొమ్మిదేళ్లపాటు ఫిజిక్స్ చెప్పారు. ఆమె దగ్గర చదివిన పిల్లలు తమకు రావలసిన దానికన్నా ఒక గ్రేడు ఎక్కువే తెచ్చుకునేవారు. ఎదుటి గదిలో మ్యాథ్స్‌కు ఒకే ఏడాదిలో ముగ్గురు తాత్కాలిక టీచర్లు మారారు, నడుమ ఆరు వారాలు పిల్లలు తమంతట తామే పుస్తకాలు తిరగేసుకున్నారు. బయట బోర్డు మీద ఉన్న పేరు ఒక్కటే, లోపల చదువులు మాత్రం రెండు రకాలు.

మనకు అలవాటైన ఇంటర్మీడియట్‌కూ దీనికీ ఉన్న తేడాను ముందు చెబుతాను, ఎందుకంటే తెలుగు తల్లిదండ్రులు తడబడేది ఎక్కువగా ఇక్కడే. ఎంపీసీ, బైపీసీ అని గ్రూపులు కట్టి ఇవ్వడం ఇక్కడ లేదు. పిల్లలు సాధారణంగా మూడు సబ్జెక్టులు, ఫర్దర్ మ్యాథ్స్ (మ్యాథ్స్‌కు తోడుగా తీసుకునే పై స్థాయి గణితం) తీసుకునేవారైతే నాలుగు, తామే ఎంచుకుంటారు. ఇంటర్ మొదటి సంవత్సరం మార్కులు రెండో సంవత్సరం మార్కులతో కలుస్తాయి కదా, ఏ లెవెల్స్‌లో అలా కలవవు. 2015 నుంచి వచ్చిన మార్పుల వల్ల రెండేళ్ల పాఠాలన్నింటికీ కలిపి ఇయర్ 13 చివర, మే, జూన్ నెలల్లోనే పరీక్షలు జరుగుతాయి. కంప్యూటర్ సైన్స్‌లో మాత్రం ఐదో వంతు మార్కులు పిల్లవాడు స్వయంగా చేసే ప్రాజెక్టుకు ఉంటాయి.

అలాగని మొదటి సంవత్సరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తుల సంస్థ ద్వారా యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టేది ఇయర్ 13 మొదట్లో. అప్పటికి పిల్లవాడి చేతిలో ఏ లెవెల్ ఫలితాలేవీ ఉండవు, టీచర్లు వేసి ఇచ్చే ప్రిడిక్టెడ్ గ్రేడ్లే ఉంటాయి. ఆ గ్రేడ్లను చాలా చోట్ల ఇయర్ 12 చివర కాలేజీ సొంతంగా పెట్టే పరీక్షలను బట్టి ఇస్తారు. అందువల్ల ఆ పరీక్ష సరిగా రాయలేకపోతే మళ్లీ అవకాశం ఇస్తారా, గ్రేడును ఎవరు నిర్ణయిస్తారు, ఎప్పటివరకు మార్చుకోవచ్చు అన్న సంగతులు చేరకముందే అడిగి తెలుసుకోవాలి. సిగ్గుపడకండి, అది తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నే.

ఇక మీ అబ్బాయి సబ్జెక్టుల సంగతి. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చేయాలంటే ఏ లెవెల్‌లో కంప్యూటర్ సైన్స్ తప్పనిసరి అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. నిజానికి ఎక్కువ యూనివర్సిటీలు అడిగేది మ్యాథ్స్. ఇంపీరియల్ లాంటి చోట కంప్యూటింగ్‌కు మ్యాథ్స్‌లో ఏ లెవెల్ అత్యున్నత గ్రేడైన ఏ స్టార్ కావాలంటారు, అటువంటి పోటీ ఉన్న కోర్సులకు ఫర్దర్ మ్యాథ్స్ చదివి ఉండటం బాగా ఉపయోగపడుతుంది. మీ వారి మనసులో ఇంపీరియలే ఉంటే, ముందు ఫర్దర్ మ్యాథ్స్ గురించి ఆలోచించాలి. అది మూడు చోట్లా ఉందా? ఉంటే, పూర్తి గంటలు ఇచ్చి చెబుతున్నారా, లేక నలుగురే పిల్లలున్నారని స్కూలు వదిలాక వారానికి రెండు గంటలతో సరిపెడుతున్నారా? చేరడానికి జీసీఎస్ఈ మ్యాథ్స్‌లో 8 అడుగుతున్నారా, 7 చాలా? మీ అబ్బాయి 7కీ 8కీ మధ్య ఉన్నాడు కాబట్టి ఈ ఒక్క అంకె మీద చాలా ఆధారపడి ఉంది. పైగా, కష్టపడితే 8 వచ్చే పిల్లవాడు ఫర్దర్ మ్యాథ్స్‌ను తట్టుకోగలడా అన్నది ఇప్పుడు వాడికి మ్యాథ్స్ చెబుతున్న టీచర్ కన్నా బాగా ఎవరూ చెప్పలేరు. నవంబరు లోపు ఆమెను గాని ఆయనను గాని కలిసి సూటిగా అడగండి.

స్కూలు సిక్స్త్ ఫార్మ్‌కూ, విడిగా ఉండే సిక్స్త్ ఫార్మ్ కాలేజీకీ తేడా ఏమిటో కూడా చెప్పాలి. హ్యాంప్‌షైర్, కేంబ్రిడ్జ్ వంటి ప్రాంతాల్లో చాలా స్కూళ్లు ఇయర్ 11తోనే ముగుస్తాయి. అందుకే వించెస్టర్‌లోని పీటర్ సైమండ్స్, కేంబ్రిడ్జ్‌లోని హిల్స్ రోడ్ వంటి కాలేజీలకు చుట్టుపక్కల ఊళ్లన్నింటి నుంచి పిల్లలు వేలల్లో వస్తారు. అంతమంది ఉన్నచోట ముప్పై, నలభై సబ్జెక్టులు ఉంటాయి, ఒక్కొక్క సబ్జెక్టుకు అనేక తరగతులు ఉంటాయి, ఒక టీచర్ సెలవు పెడితే మరొకరు ఉంటారు. స్కూల్లో అయితే సబ్జెక్టులు తక్కువ గాని, పిల్లవాడిని పదకొండో ఏట నుంచి ఎరిగిన టీచర్లు ఉంటారు, హోంవర్క్ రెండుసార్లు ఎగ్గొడితే మూడోసారి ఇంటికి ఫోను వస్తుంది. కాలేజీలో అలా వెంటపడేవారు తక్కువ. ఒక్కొక్క ఏ లెవెల్‌కు వారానికి నాలుగైదు గంటల తరగతులు మాత్రమే ఉంటాయి కనుక, మూడు సబ్జెక్టుల పిల్లవాడికి వారంలో సగం ఖాళీయే. ఆ ఖాళీ గంటల్లో లైబ్రరీకి వెళ్లే పిల్లవాడు కాలేజీలో వికసిస్తాడు, ఎవరైనా చెబితే తప్ప పుస్తకం తీయని పిల్లవాడు నవంబరు నాటికే వెనకబడిపోతాడు. మీవాడు ఎటువంటివాడో మీకు తెలుసు. ఇప్పుడు శనివారం మధ్యాహ్నం ఎవరూ చెప్పకుండా ఏం చేస్తున్నాడో గమనించండి.

ఫలితాల విషయంలో ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. గ్రామర్ స్కూలుకు ఎక్కువగా వెళ్లేది జీసీఎస్ఈలో పెద్ద గ్రేడ్లు తెచ్చుకున్నవారే కాబట్టి రెండేళ్ల తరువాత అక్కడ ఏ స్టార్‌లు రాలడం సహజం. అందులో స్కూలు కష్టం ఎంత, పిల్లలు వెంట తెచ్చుకున్నది ఎంత అన్నది ఆ మార్కులను బట్టి తెలియదు. దాన్ని తేల్చడానికే విద్యాశాఖ వెబ్‌సైటులో ప్రతి స్కూలుకూ, కాలేజీకీ ఒక పురోగతి అంకె ఇస్తారు. దేశ సగటు సున్నా. అంతకు పైన ఉంటే, అదే స్థాయిలో చేరిన ఇతర చోట్ల పిల్లలకన్నా అక్కడివారు మెరుగ్గా చేశారని అర్థం. సున్నాకు దిగువన ఉన్న పెద్ద పేర్లూ ఉంటాయి, సున్నాకు పైన ఉన్న చిన్న స్కూళ్లూ ఉంటాయి. ఆ అంకెతోపాటు, మొదలుపెట్టినవారిలో చివరిదాకా నిలిచినవారు ఎందరో కూడా చూడండి. ఇయర్ 12 తరువాత బలహీనులను వదిలించుకుంటే ఇయర్ 13 ఫలితాలు మెరిసిపోతాయి. 2017లో లండన్ శివారు ఓర్పింగ్టన్‌లోని ఒక గ్రామర్ స్కూలు, ఇయర్ 12లో ఆశించిన గ్రేడ్లు రాని పిల్లలను ఇయర్ 13లోకి తీసుకోనంటే తల్లిదండ్రులు కోర్టుకెక్కారు, చివరికి స్కూలు వెనక్కి తగ్గింది. అందుకే "ఇయర్ 13లోకి వెళ్లడానికి ఏ గ్రేడు కావాలి, అది రాకపోతే ఏం చేస్తారు" అని, చూడటానికి అందరినీ రమ్మనే ఓపెన్ ఈవెనింగ్‌లో తప్పక అడగండి. పాఠశాలలను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ సంస్థ నివేదికలు చదవండి గాని, "అవుట్‌స్టాండింగ్" లాంటి ఒక్క మాట కోసం వెతకవద్దు. 2024 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ పాఠశాలలకు మొత్తం మీద ఒకే మాటలో తీర్పు చెప్పడం మానేశారు. సిక్స్త్ ఫార్మ్ గురించి విడిగా రాసిన భాగమే మీకు కావలసింది.

ఓపెన్ ఈవెనింగ్‌కు ముగ్గురూ కలిసి వెళ్లండి. హాల్లో ప్రిన్సిపాల్ ప్రసంగం విన్నా, వినకపోయినా నష్టం లేదు. ఫిజిక్స్ ల్యాబుకు వెళ్లి అక్కడ నిలబడి ఉన్న ఇయర్ 13 విద్యార్థిని పక్కకు పిలిచి, "పోయిన ఏడాది మీకు టీచర్ లేని రోజులు ఎన్ని? రాసిచ్చిన పని దిద్ది ఎన్ని రోజులకు తిరిగి ఇస్తారు? ప్రయోగాలు మీ చేత్తో చేయిస్తారా, చూపించి వదిలేస్తారా?" అని అడగండి. పిల్లలు అబద్ధం చెప్పరు. ఒకసారి నా తరగతి పిల్లనే ఒక తండ్రి ఇలా అడిగితే, ఆ అమ్మాయి తన ఫైలు తీసి నేను దిద్దిన కాగితాలను తేదీలతో సహా చూపించింది. రెండు కాగితాలు మూడు వారాలు ఆలస్యమయ్యాయి. ఆయన వాటి మీద వేలు పెట్టి నన్నే కారణం అడిగారు. అడగవలసిన ప్రశ్న అది.

ప్రయాణం గురించి మీరు రాయలేదు గాని, అది చిన్న సంగతి కాదు. అక్టోబరు చివర హాఫ్ టర్మ్ సెలవుల్లో ఒక పనిదినాన ఉదయం మీ అబ్బాయి ఆ రైలెక్కి కాలేజీ గేటుదాకా ఒంటరిగా వెళ్లి రావాలి. ఇంటి తలుపు వేసిన క్షణం నుంచి గేటు చేరేదాకా ఎంత పట్టిందో రాసుకోమనండి. జనవరిలో అదే ప్రయాణం చీకట్లో మొదలై చీకట్లో ముగుస్తుందని గుర్తుంచుకోండి. 16, 17 ఏళ్లవారికి ఉండే సేవర్ రైల్‌కార్డుతో టికెట్టు సగం ధరకే వస్తుంది కనుక డబ్బు అంత భారం కాకపోవచ్చు. రోజుకు రెండున్నర గంటలు పోతే మాత్రం అది రెండేళ్ల భారమే.

ఇప్పుడు మీకు ఊరటనిచ్చే మాట. ఈ మూడింటిలో ఒకదాన్ని ఇవాళే తేల్చుకోవలసిన అవసరం లేదు. ఇయర్ 7లో సీటు కౌన్సిల్ ద్వారా వచ్చింది, సిక్స్త్ ఫార్మ్‌కు మాత్రం నేరుగా ఆ స్కూలుకో, కాలేజీకో దరఖాస్తు పెట్టుకోవాలి, ఎన్నింటికైనా పెట్టుకోవచ్చు. చాలా చోట్ల గడువు డిసెంబరుకో, జనవరికో ముగుస్తుంది, వసంతంలో ఇంటర్వ్యూలు జరుగుతాయి. వచ్చే ఆఫర్లన్నీ జీసీఎస్ఈ గ్రేడ్లకు లోబడి ఉండేవే. అందుకే మూడింటికీ దరఖాస్తు పెట్టించండి.

ఎందుకు చెబుతున్నానంటే, ఒక ఆగస్టు గురువారం, జీసీఎస్ఈ ఫలితాలు వచ్చిన రోజున, మా జిమ్‌లో వరుసగా వేసిన బల్లల వెనుక నేను పేర్లు నమోదు చేసుకుంటుండగా ఒక తెలుగు తల్లి కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయికి మ్యాథ్స్‌లో 7 కావలసి ఉండగా 6 వచ్చింది. కోరుకున్నచోట కాదనిపించుకుని బస్సు దిగి నేరుగా మా దగ్గరకు వచ్చారు. తల్లి చేతిలోని ఫలితాల కాగితం నాలుగు మడతలు పడి చెమటకు మెత్తబడిపోయింది. ఆమె నాతో ఇంగ్లీషులోనే మొదలుపెట్టి, నా మెడలోని బ్యాడ్జి మీద పేరు చూసి, "అమ్మా, దీనికి ఎక్కడా సీటు రాదా?" అని తెలుగులో అడిగారు. అమ్మాయి జనవరిలో మాకూ ఒక దరఖాస్తు పడేసి ఉంచింది కాబట్టి అరగంటలో పేరు రాసుకున్నాం. ఆమె వెనకాలే వచ్చిన ఒక కుర్రవాడు ఎక్కడా రెండో దరఖాస్తు పెట్టలేదు. అతడు అడిగిన ఫిజిక్స్ సాయంత్రానికి నిండిపోయింది.

మీ వారితో కూడా ఒక మాట. స్నేహితుడి కొడుకు ఇంపీరియల్‌కు వెళ్లాడంటే సంతోషించవలసిన విషయమే, బిడ్డకు అదే దారి చూపాలనుకోవడంలో తప్పేమీ లేదు. కాని రేపు ఉదయం ఆరున్నరకు లేచి వెళ్లవలసింది, రెండేళ్లు ఆ బల్ల ముందు కూర్చోవలసింది మీ అబ్బాయి. వాడు కాలేజీ ఎందుకు కావాలంటున్నాడో మధ్యలో అడ్డుపడకుండా ఒకసారి పూర్తిగా వినండి. స్నేహితులు వెళుతున్నారన్నదే కారణమైతే అది సెప్టెంబరు దాటి నిలవదని నెమ్మదిగా చెప్పండి. అక్కడి ల్యాబులనో, అక్కడి ఫర్దర్ మ్యాథ్స్‌నో చూసి కోరుకుంటుంటే, ఆ కోరికకు నేను చాలా బరువు ఇస్తాను.

ప్రశ్న: మేడమ్, మేము ఈ వేసవిలో హైదరాబాద్ నుంచి లెస్టర్‌కు వచ్చాం. మా బాబు మార్చిలో సీబీఎస్ఈ పదో తరగతి పూర్తిచేశాడు. పుట్టింది 2010 నవంబరులో. పది అయిపోయింది కాబట్టి నేరుగా సిక్స్త్ ఫార్మ్‌లో చేర్పించాలనుకుంటే, ఇయర్ 11లో వేస్తామంటున్నారు. ఒక ఏడాది వృథా అవుతుందని మా బాధ. ఏం చేయాలి?
— ఒక తండ్రి, లెస్టర్

జవాబు: అయ్యా, ఇక్కడ తరగతి నిర్ణయమయ్యేది పుట్టిన తేదీని బట్టి. సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు పుట్టినవారంతా ఒకే ఇయర్‌లో ఉంటారు. 2010 నవంబరులో పుట్టినవారు 2026 సెప్టెంబరులో ఇయర్ 11కు వస్తారు. మన దగ్గర పదిహేనేళ్లకే పది పూర్తిచేసే పిల్లలు చాలామంది ఉంటారు కనుక ఈ చిక్కు ఎన్నో ఇళ్లలో ఎదురవుతుంది. స్కూలువారు మీకు అన్యాయం చేయడం లేదు.

వృథా అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. జీసీఎస్ఈ ఇంగ్లీషు, మ్యాథ్స్ గ్రేడ్లు మీ బాబు వెంట ఏళ్ల తరబడి వస్తాయి. యూనివర్సిటీలు, ఉద్యోగాలిచ్చేవారు వాటిని అడుగుతూనే ఉంటారు. ఆ రెండింటిలో 4 రానివారు సిక్స్త్ ఫార్మ్‌లో చేరినా వాటిని మళ్లీ చదవవలసిందే. మీ బాబుకు అసలు కష్టం వేరేచోట ఉంది. జీసీఎస్ఈ పాఠాలను మిగతా పిల్లలు రెండేళ్లో, మూడేళ్లో చదువుతారు, అతడు ఆ చివరి ఏడాదిలో చేరుతున్నాడు. మ్యాథ్స్, సైన్సులో సీబీఎస్ఈ పిల్లలు త్వరగా అందుకుంటారు. ఇంగ్లీషు లిటరేచర్‌లో షేక్‌స్పియర్ నాటకం, పందొమ్మిదో శతాబ్దపు నవల, కవితల సంకలనం ఉంటాయి, వాటిని తొమ్మిది నెలల్లో ముగించడం కష్టం. అందువల్ల అన్ని సబ్జెక్టులూ నెత్తికెత్తుకోకుండా, ఇంగ్లీషు లాంగ్వేజ్, మ్యాథ్స్, సైన్సులకు తోడు మరొకటో రెండో సబ్జెక్టులతో సరిపెట్టవచ్చా అని స్కూలును అడగండి. కొత్తగా వచ్చిన పిల్లల విషయంలో చాలా స్కూళ్లు దీనికి ఒప్పుకుంటాయి.

సిక్స్త్ ఫార్మ్ దరఖాస్తులో పదో తరగతి మార్కులనూ తప్పక చూపండి. వాటి స్థాయి ఇక్కడి దేనికి సమానమో చెప్పే పత్రాన్ని యూకే ఎనిక్ అనే సంస్థ రుసుము తీసుకుని ఇస్తుంది. కొన్ని కాలేజీలు అది అడుగుతాయి, కొన్ని అడగవు. ముందే ఫోను చేసి కనుక్కుంటే డబ్బు మిగులుతుంది. ఒక సంగతి బాధతోనే చెబుతున్నాను. బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తెలిసిన పిల్లలు తమ భాషలో జీసీఎస్ఈ రాసి ఒక గ్రేడు సంపాదించుకోగలుగుతున్నారు. తెలుగుకు ఆ పరీక్ష లేదు.

మరో విషయం మీరు అడగలేదు గాని ఇప్పుడే తెలిసి ఉండాలి. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ప్రభుత్వ సిక్స్త్ ఫార్మ్‌లో చదువు ఉచితమే, మీ మీద ఆధారపడిన వీసాతో ఉన్న పిల్లవాడికి కూడా. యూనివర్సిటీకి వచ్చేసరికి ఫీజు లెక్క మారిపోతుంది. స్థానికుల ఫీజు, విద్యార్థి రుణం అన్నవి ఇక్కడ ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఏ రకం వీసా ఉంది అన్నదాన్ని బట్టి తేలుతాయి. మూడేళ్లలో యూనివర్సిటీకి వెళ్లబోయే బిడ్డ ఉన్నవారు కాలేజీ ఎంపికతోపాటే ఈ లెక్కను కూడా ఒక న్యాయ సలహాదారు దగ్గర చూపించుకోవాలి. ఇయర్ 13లో ఆఫర్ చేతికి వచ్చాక విదేశీ విద్యార్థుల ఫీజు అంకె చూసి నోట మాట రాని తల్లిదండ్రులను చూశాను.

ప్రశ్న: మా అమ్మాయి ఇయర్ 11 తరువాత హెల్త్ అండ్ సోషల్ కేర్‌లో బీటెక్ చేస్తానంటోంది. ఫోనులో చెబితే ఖమ్మంలో ఉన్న మా అత్తగారు "అప్పుడే బీటెక్కా" అని మురిసిపోయారు. మా ఆయన మాత్రం అది చదువు రానివారు చేసే కోర్సు అంటున్నారు. అమ్మాయికి నర్సు కావాలని ఉంది. ఆపాలా, వద్దా?
— ఒక పాఠకురాలు, మిల్టన్ కీన్స్

జవాబు: అమ్మా, పేరు ఒకేలా వినిపించినా ఇది మన ఇంజనీరింగ్ డిగ్రీ కాదు, ఏ లెవెల్స్‌తో సమాన స్థాయిలో ఉండే వృత్తి విద్య. అత్తగారికి ఆ తేడా నెమ్మదిగా చెప్పండి. చదువు రానివారి కోర్సు అన్నదీ సరికాదు. బీటెక్‌లో పెద్ద డిప్లొమా మూడు ఏ లెవెల్స్‌తో సమానం, అందులో అత్యున్నత గ్రేడ్లకు యూకాస్ ఇచ్చే 168 పాయింట్లు, మూడు ఏ స్టార్‌లకు ఇచ్చేవీ ఒక్కటే. అయితే పాయింట్లు సమానమైనంత మాత్రాన తలుపులన్నీ తెరుచుకోవు. నర్సింగ్ డిగ్రీకి చాలా యూనివర్సిటీలు దీన్ని సంతోషంగా తీసుకుంటాయి. డాక్టరు చదువుకు మాత్రం ఇది సాధారణంగా పనికిరాదు. అక్కడ దాదాపు అన్ని చోట్లా ఏ లెవెల్ కెమిస్ట్రీ గాని బయాలజీ గాని, చాలా చోట్ల రెండూ కావాలి. అందుకే అమ్మాయిని ఒక్క ప్రశ్న అడగండి. రేపు మనసు మారి డాక్టరు కావాలనిపించే అవకాశం ఏమాత్రమైనా ఉందా? ఉందంటే బయాలజీ, కెమిస్ట్రీ ఏ లెవెల్స్ వైపు చూడాలి. లేదు, నర్సే కావాలి అంటే ఆపవద్దు.

ఆమెను అదే కాలేజీలో టీ లెవెల్ గురించి కూడా అడగమనండి. 2020లో మొదలైన ఈ రెండేళ్ల కోర్సు కూడా మూడు ఏ లెవెల్స్‌తో సమానం. ఇందులో కనీసం 45 రోజులు నిజమైన పనిచోట శిక్షణ ఉంటుంది. ఆరోగ్య రంగంలోనూ ఈ కోర్సు ఉంది. కొన్ని బీటెక్ కోర్సులకు ప్రభుత్వ నిధులు ఆగిపోతున్నాయి కనుక, మీ అమ్మాయి చేరబోయే ఏడాది ఆ కోర్సు తప్పక నడుస్తుందా అని కాలేజీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆ 45 రోజుల శిక్షణ ఎక్కడ, ఏ ఆసుపత్రిలో గాని కేర్ హోమ్‌లో గాని, ఇప్పటికే మాట్లాడి ఉంచారా అన్నది ఈ కోర్సుకు సంబంధించి అసలు ప్రశ్న. "వెతుకుతున్నాం" అనే జవాబు వస్తే మరో కాలేజీని చూడండి. రోగి మంచం పక్కన నిలబడి పనిచేసి చూశాక కూడా ఆమెకు అదే ఇష్టం ఉంటే, మీ ఆయన సందేహం కూడా దానంతట అదే తీరిపోతుంది.

ప్రశ్న: మా పాపకు 16 నిండబోతున్నాయి. చైల్డ్ బెనిఫిట్ ఆగిపోతుందా? కాలేజీకి బస్సు ఖర్చులు ఎవరైనా ఇస్తారా?
— ఒక తల్లి, తూర్పు లండన్

జవాబు: పిల్లల పెంపకానికి ప్రభుత్వం ఇచ్చే ఈ డబ్బు పదహారు నిండిన తరువాత వచ్చే ఆగస్టు 31తో ఆగిపోతుంది, అయితే పాప సిక్స్త్ ఫార్మ్‌లో గాని, కాలేజీలో గాని పూర్తికాలం చదువుతున్నట్టు మీరు తెలియజేస్తే కొనసాగుతుంది. ఇయర్ 11 చివరి నెలల్లో పన్నుల శాఖ నుంచి దీనికోసం ఒక ఉత్తరం వస్తుంది. దాన్ని పక్కన పడేయకుండా, చదువు కొనసాగుతున్నట్టు ఆగస్టు ముగిసేలోపు తెలియజేయండి. ప్రభుత్వ నిధులు తీసుకోకూడదన్న షరతుతో వీసా ఉన్నవారు మాత్రం దీనికి దరఖాస్తు చేయకూడదు, చేస్తే వీసాకే ఇబ్బంది వస్తుంది.

లండన్‌లో నివసిస్తూ చదువుకునే పిల్లలకు 16 ప్లస్ జిప్ ఆయిస్టర్ ఫోటోకార్డుతో బస్సు ప్రయాణం ఉచితం. లండన్ బయట ఇటువంటిది అన్నిచోట్లా లేదు, కౌన్సిల్‌ను అడగాలి. ఇంటి ఆదాయం తక్కువైతే కాలేజీలోనే 16 నుంచి 19 ఏళ్లవారికి ఇచ్చే బర్సరీ ఉంటుంది. పుస్తకాలకు, ప్రయాణానికి, మధ్యాహ్న భోజనానికి ఎంత ఇవ్వాలో కాలేజీయే నిర్ణయిస్తుంది. దానికి దరఖాస్తు ఫారం సెప్టెంబరు మొదటి వారంలోనే స్టూడెంట్ సర్వీసెస్ కార్యాలయంలో తీసుకోండి, ఎందుకంటే ఆ డబ్బు ఏడాదికి ఇంత అని కేటాయించి ఉంటుంది, ఆలస్యంగా అడిగినవారికి మిగలకపోవచ్చు.